మట్టిగోడ చేసిన నేరమేమి?

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతములో, కాశీబుగ్గ నుండి వజ్రపుకొత్తూరు వైపు పోవు మార్గమున, జీడిమామిడి తోటల నడుమ, కొబ్బరి నీడల క్రింద, ఒకచో పెంకుటిల్లు కూలి దాని స్థానమున సిమెంటు స్లాబు లేచినది. వేరొకచో పై అంతస్తునకై విడిచిన ఇనుప ఊచలు సముద్రపు ఉప్పుగాలికి త్రుప్పుపట్టి ఎర్రబారినవి. మరియొకచో చేతిలోని సొమ్ము చాలక గోడల వరకు లేచి ఆగిపోయిన కట్టడములో పిచ్చిమొక్కలు మొలచినవి. ఆ కట్టడము ప్రక్కనే, తాటాకు కప్పు మాసి, అరుగు అంచు అరిగి, అయినను ఇంటిల్లిపాదియు ఇప్పటికిని చల్లగా నిద్రించుచున్న మట్టి యిల్లు ఒకటి నిలిచియున్నది. ఆ యింటి యజమానిని పలుకరించినచో, కొత్త యింటి గోడలు ఎప్పటికి పూర్తియగునో చెప్పలేకపోవుటను గూర్చి ఆయన సిగ్గుపడడు గాని, ఇంకను మట్టి యింటిలోనే ఉన్నామని చెప్పుటకు మాత్రము తల వంచుకొనును. ఈ సిగ్గు ఆయనకు ఎవరు నేర్పిరి?

ఆయనకు ఆ సిగ్గును నేర్పినవారిలో ప్రభుత్వపు లెక్కల పద్దు మొదటిదని నా నమ్మకము. 2011వ సంవత్సరమున దేశమంతట ఆరంభమైన సామాజిక, ఆర్థిక, కుల గణనలో, కచ్చా గోడలు, కచ్చా కప్పు గల ఒంటి గదిలో నివసించు కుటుంబమును లేమికి గుర్తుగా ఎంచిరి. నిరుపేదను గుర్తించి సాయపడవలెనన్న సంకల్పము మంచిదే. దానిని నేను కాదనను. కాని గోడ దేనితో కట్టబడినదన్న ప్రశ్నను, ఆ గోడ వెనుక నున్నవాడు ఎంత పేదవాడన్న ప్రశ్నను ఒకే గడిలో వ్రాసినందువలన, ఉద్దానములో తరతరాలుగా గాలికి, వానకు, ఎండకు ఓర్చి నిలిచిన ఒక విద్య మొత్తము దారిద్ర్యలక్షణముగా నమోదైపోయినది. మట్టితో, గడ్డితో, సొంత చేతులతో ఇల్లు కట్టుకొనగోరు కుటుంబమునకు, ఆ పని నేర్పుగా సాగినదేని, సిమెంటు యింటికి ఇచ్చు గౌరవము, సహాయము, ఋణము తక్కువ లేకుండ ఈయవలెనని నా వాదము.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో పూర్వము వాడుకగా నుండి ఇప్పుడు అరుదైపోయిన చుట్టిల్లును కొంచెము దగ్గరగా చూడుడు. అది గుండ్రని యిల్లు. గోడకు మూలలు లేవు గనుక, ఏ దిక్కు నుండి గాలి వీచినను దానికి ఎదురుగా నిలుచు చదునైన ముఖము దొరకదు. గాలి ఇరువైపుల చీలి ప్రక్కలకు జారిపోవును. కొన్ని యిండ్లలో నడుమ నిట్రాట నిలిపెదరు. కొన్నింట వాసములన్నియు శిఖరమున ఒక్క ముడికి చేరును. ఆ శిఖరము నుండి నిటారుగా వాలిన తాటాకు కప్పు, దాదాపు మనిషి నడుము ఎత్తు వరకు దిగివచ్చి, లోనికి పోవువానిని తల వంచి పొమ్మనును. చూరు ఇంత క్రిందికి దిగుటలో రెండు ప్రయోజనములున్నవి: ఈదురుగాలితో అడ్డముగా కొట్టు వాన గోడను తాకదు, కప్పు క్రింద దూరి దానిని పైకెత్తుటకు గాలికి సందు చిక్కదు. లోపల మూరెడు మందపు గోడలోనే మలచిన దీపపు గూడు, దాని పైన పొగచూరిన నల్లని చార, వాసములకు వ్రేలాడు ఉట్టి, ధాన్యపు గాదె. కొన్ని యిండ్లలో కప్పునకు దిగువగా కర్రలు పరచి, పైన మట్టి మెత్తి, అటక అమర్చెదరు. కప్పునకు నిప్పంటుకొనినచో ఆ మట్టి పొర లోపలి మనుష్యులను, తిండిగింజలను కాపాడును. ఏ ఇంజనీరింగు కళాశాలయు లేని కాలమున ఈ సంగతులన్నిటిని ఆలోచించి కుదుర్చుకొనినవారు అజ్ఞానులని నేను ఒప్పుకొనజాలను.

ఈ మాటలు చదివినవారు తిత్లీని గుర్తుచేయుదురని నాకు తెలియును, గుర్తుచేయవలసినదే. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన ఆ తుపాను, గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో, ఉండియుండి 165 కిలోమీటర్ల విసురుతో వీచి, ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని, పనసను వేళ్ళతో పెకలించివేసినది. నాడు మట్టి యిండ్లు కూలినవి, పూరిండ్ల కప్పులు ఎగిరిపోయినవి, సత్యమే. కాని ఏ యిల్లు ఏల కూలినదన్న విచారణ మనము చేయలేదు. తాతలనాటి చుట్టిల్లు వేరు, ఇటీవల డబ్బు లేక, నేర్చినవాడు లేక, పునాది రాయి లేక, నాలుగు మూలలుగా పలుచని గోడ పెట్టి పైన సిమెంటు రేకులు పరచిన యిల్లు వేరు. ఈ రెండవ దానిలో గోడ మట్టిదే అయినను విద్య మట్టిది కాదు. ఆ రేకులు కట్టుబడి లేక ఎగిరిపోగా, తల మీది కప్పు పోయిన గోడ వానకు నాని కూలినది. రెండింటిని ఒకే పేరున కచ్చా యని వ్రాసుకొనుట అన్యాయము.

అయితే మట్టి యింటికి పరిమితులు లేవని చెప్పుట మోసమగును. సముద్రపు ఉప్పెన పైకివచ్చు పల్లపు తావున మట్టిగోడ కట్టరాదు. నిలిచిన నీటిలో మట్టి కరగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ పాఠమును వేలాది ప్రాణముల వెలతో నేర్పినది. భావనపాడు, బారువ వంటి రేవు గ్రామములలో అలల అంచున నున్నవారికి కావలసినది గట్టి తుపాను ఆశ్రయము, ఎత్తైన చోట కాంక్రీటు కట్టడము. దానికి బదులుగా మట్టి యిల్లు చాలునని చెప్పువాడు ఆ ప్రజలకు హితుడు కాడు. నేను చెప్పునది తీరమునకు ఎగువన, ఉప్పెనకు అందని ఎర్రనేలలలో, పలాస, మందస, టెక్కలి, మెళియాపుట్టి పల్లెలలో కట్టదగిన యింటిని గూర్చి.

అట్టి యింటికి కావలసిన సామగ్రి ఉద్దానములో ఎంత విరివిగా ఉన్నదో తలచినప్పుడు, మనము లారీలతో దూరము నుండి సిమెంటు, ఇనుము తెప్పించుకొనుట నాకు వింతగా తోచును. పునాదికి రాయి కావలెను. టెక్కలి పరిసరముల నీలి గ్రానైటు క్వారీలు ప్రపంచమంతటికి పలకలు ఎగుమతి చేయుచున్నవి. పలకకు పనికిరాని ముక్కలు గుట్టలుగా పడియుండును. ఆ ముక్కలతో నేల మట్టమునకు పైన కనీసము రెండడుగుల పీఠము కట్టినచో, నేల చెమ్మ గోడకు ఎక్కదు, చూరు నుండి జారి చిందు నీరు గోడ అడుగును తినివేయదు. మట్టిగోడలు చెడుటకు ముఖ్యకారణము వాన కాదు. అడుగున చెమ్మ, పైన కారుకప్పు. ఈ రెంటిని అరికట్టినచో గోడ తనంతట తాను నిలుచును.

ఇక మట్టి. తీరపు ఇసుకనేల ఒంటరిగా పనికిరాదు. చెరువు అడుగు జిగురుమట్టి ఒంటరిగా పెట్టినచో ఎండి బీటలు వారును. రెంటిని కలుపవలెను. ఎంతెంత కలుపవలెనన్నది తెలియుటకు ప్రయోగశాల అక్కరలేదు: గాజు సీసాలో మూడవ వంతు మట్టి పోసి, నీరు నింపి, బాగుగా కుదిపి నిలిపినచో, మొదట ఇసుక అడుగునకు దిగును, దానిపై సన్నని ఒండ్రు, మరునాటికి చిట్టచివర జిగురు పొర పేరుకొనును. ఆ పొరల మందము చూచి జిగురు అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు ఉండునట్లు సరిచూచుకొనవచ్చును. పెద్దలు ఇంతకంటె తేలికగా చేసెదరు: తడిమట్టిని ఉండ చేసి నడుము ఎత్తు నుండి జారవిడుతురు, అది పొడిపొడిగా చెదిరినచో జిగురు తక్కువ, చప్పున అతుక్కొనిపోయినచో నీరు ఎక్కువ. పుట్టమన్ను కొంత చేర్చినచో నేలకును, పూతకును మంచి పట్టు వచ్చునని మన ఆడువారికి తెలియును.

కలిపిన మట్టిని గోతిలో పోసి నీరు పెట్టి, వరిగడ్డిని జానెడేసి ముక్కలుగా నరికి చల్లి, రెండు మూడు దినములు నానవైచి, ఎడ్లతో గాని మనుష్యుల కాళ్ళతో గాని తొక్కించెదరు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న సామెత ఈ పనికి చెల్లదు. ఇక్కడ తొక్కినకొలది గోడ మేలగును. గడ్డిపోచలు మట్టిలో అన్ని దిక్కులకు అల్లుకొని, ఎండునప్పుడు బీటలు వారకుండ పట్టియుంచును. ఉద్దానములో గడ్డికి తోడు కొబ్బరి పీచు కావలసినంత దొరకును. కవిటి, కంచిలి వైపు పీచు పని చేయు చోట్లకు పోయినచో తెలియును. ఆ అడుసును ముద్దలుగా తీసి పీఠము మీద విసరి అదిమి, మూరెడు ఎత్తు వరుస పెట్టి, అది గట్టిపడువరకు ఆగి, ప్రక్కలు పారతో చెక్కి సరిచేసి, పై వరుస పెట్టవలెను. తొందర పనికిరాదు, తడి వరుస మీద తడి వరుస వేసినచో గోడ ఉబ్బి జారును. మాఘములో మొదలుపెట్టినచో వైశాఖమునకు గోడలు లేచి ఎండును, మృగశిర కార్తె చినుకు పడకముందే కప్పు పడును. వరికోతలు ముగిసి కూలిపని పలుచబడు నెలలే ఇవి గనుక, కుటుంబమంతయు ఈ పనిలో పాల్గొనుటకు వీలగును. సిమెంటు యింటిలో యజమాని చేయగల పని నీళ్ళు పోయుట మాత్రమే. మట్టి యింటిలో తల్లిదండ్రులు, పిల్లలు, వియ్యాలవారు, ఇరుగుపొరుగు అందరికిని చేయుటకు పని యుండును. ఖర్చు తగ్గుటకు మట్టి ఉచితమగుట ఎంత కారణమో ఇదియు అంత కారణము.

కర్రకు చెదలు శత్రువు. పలాస, కాశీబుగ్గలలోని జీడి కర్మాగారములలో, పిక్క తొక్క నుండి వచ్చు నూనె తగిలి కార్మిక స్త్రీల వ్రేళ్ళు నల్లబడి పొక్కుటను మనమందరము చూచియున్నాము. ఒళ్ళు కాల్చు ఆ నూనెనే పడవల చెక్కకు, ఇంటి కర్రకు పురుగు పట్టకుండ పూయుట పాత వాడుక. తిత్లీకి పడిపోయిన కొబ్బరి మ్రాకులు తోటలలోనే కుళ్ళినచో కొమ్ముపురుగునకు పుట్టినిల్లగును. వాటి ముదురు వెలుపలి భాగమును కోసి, ఎండించి, జీడినూనె పూసి వాసములకు వాడుటను ఎవరైనను పెద్దయెత్తున నేర్పియుండిన, పురుగు బెడద కొంత, కలప కొరత కొంత ఒక్కసారిగా తగ్గియుండెడివి.

గడ్డి విషయములో మాత్రము కాలము మారినది. 1966 నుండి ఐ.ఆర్.8 వంటి పొట్టి వంగడములు వ్యాపించిన పిమ్మట వరిగడ్డి పొడవు తగ్గినది. తరువాత కోతయంత్రములు వచ్చి, మిగిలిన గడ్డిని చిదిమి పొలములోనే వదలుచున్నవి. ఆ గడ్డి కప్పునకు పనికిరాదు గాని, అడుసులో కలుపుటకు నిక్షేపముగా పనికివచ్చును. కప్పునకు తాటాకు, రెల్లు ఉన్నవి. నేయు చేతులే తగ్గినవి. కప్పునకు పెంకు వేసికొనినను నాకు అభ్యంతరము లేదు. గోడ మట్టిదైనంత మాత్రమున పైదంతయు పాతకాలపుదే కావలెనన్న నియమమేదియు లేదు.

ఈ విద్య మన పల్లెలకు మాత్రమే చెందినది కాదు. 2001 జనవరి 26న కచ్ఛ్ భూకంపములో ఎన్నో కాంక్రీటు భవనములు నేలకూలగా, బన్నీ ప్రాంతమున భుంగా అను గుండ్రని మట్టి యిండ్లు పెక్కు చెక్కుచెదరక నిలిచినవి. అవి మన చుట్టిండ్లకు దగ్గరి చుట్టములు. అమెరికాలో నెబ్రాస్కా ఇసుకగుట్టల నడుమ చెట్లు లేని చోట స్థిరపడినవారు, యంత్రముతో కట్టిన గడ్డిమోపులనే ఇటుకలుగా పేర్చి ఇండ్లు కట్టుకొనిరి. ఆ పద్ధతిన 1928లో ఆర్థర్ అను ఊరిలో కట్టిన ప్రార్థనామందిరము నేటికిని ఉన్నది. మాలీ దేశమున జెన్నె పట్టణపు మసీదు, 1907లో నేటి రూపమునకు వచ్చినది, మట్టిదే. ఏటేట ఊరంతయు కూడి దానికి పూత పూయుట అక్కడ పండుగ. మన దేశమున స్థిరపడిన ఆంగ్లేయ వాస్తుశిల్పి లారీ బేకర్, ఇంటికి వలయు వస్తువులన్నియు అయిదు మైళ్ళ లోపల దొరికినవే కావలెనన్న గాంధీ మహాత్ముని మాటను తలదాల్చి, తిరువనంతపురము కేంద్రముగా 2007లో మరణించువరకు తక్కువ ఖర్చు ఇండ్లు కట్టుచునే యుండెను.

వీరందరిలో మనము ఎక్కువగా తెలిసికొనవలసినవాడు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ. 1940వ దశకమున ఆయన లక్సర్ సమీపమున, ప్రాచీన సమాధుల మీద నివసించుచున్న గూర్నా గ్రామస్థుల కొరకు, పచ్చి మట్టి ఇటుకలతో గుమ్మటములు గల సుందరమైన కొత్త ఊరు కట్టెను. కాని అక్కడికి పోవలెనన్నది ప్రభుత్వపు నిర్ణయము, గ్రామస్థులది కాదు. తమ బ్రతుకుతెరువు పాత చోటనే యున్నందున వారు కదలలేదు, ఊరు సగముతో ఆగెను. మట్టి యిల్లు ఎంత చక్కనిదైనను, పైనుండి ఇచ్చినచో జనులు పుచ్చుకొనరు. మన గృహకాలనీలలో, ఊరికి దూరముగా, పశువుల కొట్టమునకు చోటు లేక, ఒకే కొలతలో వరుసలు తీర్చిన సిమెంటు యిండ్లు కొన్ని తాళములు పడియుండుటకు కారణము కూడ బహుశః ఇట్టిదే.

చట్టము వైపు నుండి చూచినను నా కోరిక అసాధ్యమైనది కాదు. భారత ప్రమాణముల సంస్థ మట్టి కట్టడములకు భూకంపమును తట్టుకొను బలము చేకూర్చుటకై 1993లోనే ఐ.ఎస్. 13827 అను మార్గదర్శిని వెలువరించినది. మట్టి దిమ్మెలకు ఐ.ఎస్. 1725 అను ప్రమాణము అంతకు ముందు నుండియే ఉండి, 2013లో సవరింపబడినది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, తారు, కిరసనాయిలు కలిపిన పలుచని పాకమును గడ్డిమట్టిలో కలిపి, వానకు కరగని పూతను ఏనాడో కనిపెట్టినది. 2016లో ఆరంభమైన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన సైతము, తగిన మరమ్మతులతో కనీసము 30 సంవత్సరములు ఎండవానలకు నిలువగల యిల్లే పక్కా యిల్లని నిర్వచించినది. రాతిపీఠము మీద, దిగువకు వాలిన చూరు క్రింద, సరియైన మట్టితో పెట్టిన గోడ ఆ గడువును దాటుటకు సందేహము లేదు. అంతకు రెండింతల వయస్సు గల గోడలు మన పల్లెలలోనే కలవు. చిక్కు నిర్వచనములో లేదు. మైదాన ప్రాంతమున మంజూరగు 1,20,000 రూపాయలను విడతలుగా విడుదల చేయునప్పుడు, పునాది, గోడ, స్లాబు అని ఛాయాచిత్రము తీసి చూపవలసిన క్రమములో, అధికారి కంటికి అలవాటైన గోడ సిమెంటుదొక్కటే. ఆ సొమ్ము చాలక పైన చేయు అప్పు, ఈ ప్రాంతమున ప్రబలిన మూత్రపిండవ్యాధికి వైద్యము చేయించుకొనుచు ఇప్పటికే క్రుంగియున్న ఉద్దానపు కుటుంబములకు ఎంతటి భారమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక ఆక్షేపణకు మాత్రము సూటిగా సమాధానము చెప్పవలసియున్నది. మట్టి యింటిని ఏటేట పేడనీటితో అలుకుట, పండుగ పండుగకు పూయుట, ఎవరి పని? ఆడువారిది. పొద్దున జీడి కర్మాగారమునకు పోయి, సాయంత్రము వచ్చి వంట చేసి, ఆదివారము గోడలు అలుకుమనుట న్యాయము కాదు. సిమెంటు యిల్లు కావలెనని స్త్రీలే ముందు కోరుటలో ఆశ్చర్యమును లేదు. పూత పూయుట ఒక్కరి నడుము మీద పడు పనిగా ఉన్నంత కాలము మట్టి యింటిని పొగడుటకు మగవారికి అధికారము లేదు. వెలుపలి గోడకు గానుగ సున్నమో, రూర్కీ పూతయో ఒక్కసారి పట్టించినచో ఏళ్ళ తరబడి అలుకు పని తప్పును. లోపలి నేలకు టెక్కలి బండలు పరచవచ్చును. ఈ మార్పులతో ఇంటి చల్లదనము చెడదు. మట్టి కుండలోని నీరు చల్లనగునట్లే, చెమ్మను పీల్చి వదలు గోడలు వేసవి మధ్యాహ్నమున గదిని ఓర్చుకొనదగినదిగా ఉంచును. మందపు గోడ గుండ పగటి వేడి లోపలికి చేరుసరికి రాత్రి గాలి వీచుచుండును. సిమెంటు రేకుల క్రింద ఏప్రిల్ మధ్యాహ్నము గడపినవారికి ఈ భేదమును వివరింపనక్కరలేదు.

కావున నేను కోరునది ఇది. మందస కొండల క్రింద సవర గూడెములలో ఒకటి, పలాస చేరువ ఎర్రనేలలో ఒకటి, కవిటి వైపు కొబ్బరితోటల నడుమ ఒకటి, ఇట్లు మూడు నాలుగు ఇండ్లను, అందు నివసింపబోవు కుటుంబములు కోరిన చోట, కోరిన కొలతలో, ఆవాస్ యోజన సొమ్ముతోనే కట్టనీయుడు. గోడ పెట్టుట, కప్పు నేయుట తెలిసిన వృద్ధులకు మేస్త్రీ కూలికి తగ్గని కూలి ఇచ్చి, వారి వద్ద పదిమంది యువకులను, యువతులను పనిలో చేర్చుడు. టెక్కలి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మట్టి పరీక్షలు, గాలి లెక్కలు చూతురు గాక. మూడు వర్షాకాలములు, ఒకటి రెండు తుపానులు గడచిన పిమ్మట, ఆ యింటివారు, గ్రామస్థులు, ఇంజనీరులు కలిసి కూర్చుండి, పీఠము దిగినదో లేదో, గోడ అడుగు తిన్నదో లేదో, వాసములకు చెద పట్టినదో లేదో, కప్పు కట్లు సడలినవో లేదో, మరమ్మతులకు ఎన్ని దినముల పని పట్టినదో, ఆ పని చేసినది ఎవరో కూడ వ్రాసి, ఆ కాగితమును జిల్లా గృహనిర్మాణ కార్యాలయమునకు అందజేయవలెను. లెక్క తేలిన పిమ్మట, సిమెంటు నమూనాల సరసన మట్టి యింటి నమూనాలను కూడ చేర్చి, ఏది కావలెనో దరఖాస్తుదారునే ఎన్నుకొనమని అడుగుటకు ఆ కార్యాలయమునకు అడ్డేమియు ఉండదు.